క్రీస్తు ముఖమును ఎవరు చూచి గీసిరి?



మొన్న ఒక పేటలో గృహ ప్రార్థనకు వెళ్లినప్పుడు ఒక వృద్ధ సహోదరి గోడనున్న క్యాలెండరు పటమును చూపి, "అయ్యగారూ, ప్రభువు నిజముగా ఇట్లే యుండెనా? మా మనుమడు, ఆయన దొరలవాడు గదా, మనవంటి నల్లవారిని ఎట్లు ఎరుగును అనుచున్నాడు" అనెను. నేను తగిన జవాబు చెప్పలేక ప్రార్థన ముగించి వచ్చితిని.

సువార్తలలో ప్రభువు రంగునుగూర్చి గాని పొడవునుగూర్చి గాని ఒక్క మాటయు లేదు. మన యిండ్లలోని పటములు చాలమట్టుకు పాశ్చాత్యుల చిత్రములనుబట్టి వచ్చినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికా చిత్రకారుడైన వార్నర్ సాల్మన్ 1940లో గీసినది. అది కోట్ల ప్రతులుగా అచ్చుపడెను.

అయితే సిరియా దేశములో యూఫ్రటీసు నది యొడ్డున దూరా యూరోపస్ అను పాడుపట్టణము కలదు. అచ్చట 1930ల త్రవ్వకములలో ఒక యింటిలో కూడుకొనిన సంఘపు బాప్తిస్మపు గది బయటపడెను. క్రీ.శ. 256 ప్రాంతమున పారసీకులు ముట్టడింపగా, ప్రాకారమును బలపరచుటకు పోసిన మట్టియే ఆ గోడలను కాపాడినది. అందులో పక్షవాయువుగలవానిని లేపుచున్న క్రీస్తుకు గడ్డము లేదు, పొడవైన జుట్టు లేదు. తొట్టికి పైగా గొఱ్ఱెను భుజములమీద మోయుచున్న కాపరి యున్నాడు.

17వ శతాబ్దమున రెంబ్రాంటు ఆమ్‌స్టర్‌డాములో యూదుల నడుమ కాపురముండి, ఒక యూదా యువకుని చూచి క్రీస్తు ముఖమును గీసెనని పండితులు తలంతురు. (ఇదియే సత్యమునకు కొంత దగ్గర అని నాకు తోచును.) మన దేశమున బెంగాలీయుడైన జామినీ రాయ్, క్రైస్తవుడు కాకపోయినను, తన పల్లె పటములవలె విశాలమైన కన్నులతో ఆయనను గీసెను.

మరి వీరందరు అబద్ధమాడిరా? ఆజ్ఞను తలంచి భయపడినవారు లేకపోలేదు. కాన్‌స్టాంటినోపులులో 843 వరకు నూరేండ్లకు పైగా ఈ వివాదము నడిచెను, పటములు పగులగొట్టబడెను. మోషే చేసిన ఇత్తడి సర్పమునకు జనులు ధూపము వేయగా హిజ్కియా దానిని ఛిన్నాభిన్నము చేసెను. ఆ భయము న్యాయమైనదే. కాని ఆ పిల్లవానిని బాధించినది పటము కాదు, ఒకే పటము. వేరొక ముఖమును వానికి ఎవరును చూపలేదు, నేనును చూపలేదు.

తరువాతి వారము వెళ్లి ఆ గొఱ్ఱెలకాపరి సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "గొఱ్ఱె భుజముమీదనే యున్నదా అయ్యగారూ?" అని అడిగి, మనుమని పిలిచి మరల చెప్పుమనెను.