హన్నా మనోవేదన

పఠనభాగము: 1 సమూయేలు 1:1-28

సంతానము లేని స్త్రీతో మన సంఘములలో తరచుగా పలుకబడు ఓదార్పు మాట యొకటి కలదు. "నీవు దిగులు పెట్టుకొనుటచేతనే కడుపు పండుటలేదు, చింత మానుము, దేవుడు తప్పక ఇచ్చును" అందురు. పలుకువారి ఉద్దేశము మంచిదే. అయితే వినిన స్త్రీ రెండు భారములతో ఇల్లు చేరును. బిడ్డ లేదన్న భారము మునుపే ఉన్నది; తన దుఃఖమే ఆ బిడ్డను రానియ్యలేదన్న నింద ఇప్పుడు దానికి తోడైనది. ఈ మాటకు హన్నా చరిత్రనే ఆధారముగా చూపువారును కలరు. ఆమె ప్రార్థించి, దుఃఖము మాని, భోజనము చేసెను. పిమ్మట గర్భవతి ఆయెను గదా అని వారి వాదము. గ్రంథకర్త నిజముగా ఆలాగున చెప్పుచున్నాడా?

ఆయన చెప్పు వరుసను గమనింపవలెను. హన్నా గొడ్రాలుగా ఉండుట మొదట చెప్పబడినది. దుఃఖము దాని వెంట వచ్చినది. ఆమె గర్భమును మూసినవాడు యెహోవా అని 5, 6 వచనములు పలుకుచున్నవే గాని, ఆమె కన్నీరు మూసెనని ఎక్కడను లేదు. ఆమె పాపము అందుకు కారణమని ఎల్కానా అనలేదు, ఏలీ అనలేదు, గ్రంథకర్తయు అనలేదు. ఇక ఆ దుఃఖమునకు మూలభాష ఇచ్చిన పేర్లు మిక్కిలి బరువైనవి. పెనిన్నాను గూర్చి వాడబడిన హెబ్రీ పదము 'త్సారా'. సవతి అని దాని భావము. అదే రూపముగల మాటకు శ్రమ, ఇరుకు అను అర్థమును కలదు. తెలుగులో 'సవతి' అనగానే 'పోరు' అన్న మాట దాని వెంటనే నోటికి వచ్చుట ఇట్టిదే. 15వ వచనములో హన్నా తన్ను గూర్చి చెప్పుకొనిన మాటకు 'ఆత్మ కఠినమైన స్త్రీ' అని అక్షరార్థము. ఆ పలుకుబడి ప్రాచీన గ్రీకు అనువాదములో 'కఠిన దినము' అని మారినది. అనువాదకులకు అది తేలికగా లొంగని మాట. బహుశః దుఃఖమే అట్టిది.

ఆ దుఃఖము ఎక్కడ పొంగినదో కూడ చూడవలెను. ఏటేట షిలోహునకు ఆరాధనకు వెళ్లినప్పుడే, బలి మాంసము పంచుకొను పండుగ భోజనమునొద్దనే ఆమె విసికింపబడెను. నేడు స్త్రీల సమాజ కూడికలో "ఏమైనా విశేషమా?" అని అడుగబడినప్పుడును, శిశువు ప్రతిష్ఠ జరుగు ఆదివారమున వెనుక బల్లమీద కూర్చుండునప్పుడును, సీమంతమునకు పిలువబడనప్పుడును, అనేకులైన విశ్వాసురాండ్రు ఈ షిలోహు బాటనే నడచుచున్నారు.

వైద్యశాస్త్రము ఈ విషయమై కొంత చెప్పగలదు. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని నడిపించును. ఆ గ్రంథినుండి వచ్చు హార్మోనులవలన అండము పండి విడుదలయగును. తీవ్రమైన మనోవ్యథ, విశేషముగా తగిన ఆహారము లేకపోవుటతో కూడినప్పుడు, ఈ వరుసను ఆపివేయగలదు, ఋతుస్రావమే నిలిచిపోవచ్చును. హన్నా ఏడ్చుచు భోజనము మానెనన్న మాట ఇచట జ్ఞాపకమునకు వచ్చును. అమెరికాలో మిచిగన్, టెక్సస్ రాష్ట్రములలో 501 దంపతులను చేర్చుకొని జరిపిన పరిశోధన 2014లో ప్రచురింపబడెను. లాలాజలములో ఆల్ఫా అమైలేస్ అను ఒత్తిడి సూచకము హెచ్చుగా ఉన్న స్త్రీలకు నెలనెలా గర్భధారణ అవకాశము 29 శాతము తక్కువగా కనబడినది. అయితే అదే పరిశోధనలో కార్టిసోల్ అను మరియొక సూచకమునకు అట్టి సంబంధము కనబడలేదు. 2011లో 14 పరిశోధనలను, 3,583 మంది స్త్రీలను కలిపి పరిశీలించినప్పుడు, చికిత్సకు ముందున్న మనోవేదన కృత్రిమ గర్భధారణ ఫలితమును మార్చలేదని తేలినది. కాబట్టి ఒత్తిడికి కొంత పాత్ర ఉండవచ్చును గాని, "చింత మానిన బిడ్డ పుట్టును" అని ప్రమాణము చేయుటకు ఎవరికిని అధికారము లేదు. సంతానలేమి వేదనను పుట్టించుననుట మాత్రము మరింత స్పష్టము. 1993 నాటి ఒక అధ్యయనములో, సంతానము లేని స్త్రీల కలత, నిరాశ క్యాన్సరు రోగుల స్థాయికి సమానముగా కనబడినవి.

ఎల్కానాకు పెనిన్నావలన పిల్లలు కలరు గనుక అతని విషయములో సందేహము లేకుండెను. నేటి ఇండ్లలో ఆ నిశ్చయము లేదు. సంతానలేమిలో సుమారు సగము సందర్భములలో పురుషుని పాత్రయు కలదు. అయినను కోడలిని ఊరూర తిప్పిన పిదప గాని కుమారుని పరీక్షకు పంపని కుటుంబములు కలవు. ఇది భక్తి కాదు, అన్యాయము. ఒక సంవత్సరము గడచినను, భార్యకు 35 ఏండ్లు దాటినయెడల ఆరు నెలలకే, ఇద్దరును కలిసి వైద్యుని చూడవలెను. థైరాయిడ్ లోపము, గర్భనాళములకు సోకిన క్షయ మొదలగునవి ఓదార్పు మాటలతో పోవునవి కావు. ఇస్సాకు తన నలువదవ యేట రిబ్కాను వివాహమాడి, అరువదవ యేట గాని తండ్రి కాలేదు. ఆ యిరువది ఏండ్లలో అతడు భార్యను నిందించినట్లు లేఖనము చెప్పదు, ఆమె కొరకు వేడుకొనెనని చెప్పుచున్నది. ఎల్కానా ప్రేమగలవాడే. అయినను పదిమంది కుమారులకంటె తాను మేలు కాడా అని అడిగినప్పుడు హన్నా బదులు పలికినట్లు వ్రాయబడలేదు.

ఏలీ మొదట ఆమెను మత్తురాలనుకొనెను. ఆమె మనవి వినిన పిమ్మట తన మాట మార్చుకొని, సమాధానముగా వెళ్లుమని దీవించెను. ఆమె ఏమి కోరుచున్నదో అతడు అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. ఆమె వెళ్లి భోజనము చేసెను, ఆమె ముఖము మునుపటివలె ఉండలేదు. అప్పటికి గర్భము లేదు, వాగ్దానమైన తేదీ లేదు, ఇంటిలో పెనిన్నా అట్లే ఉన్నది. ఆ దినమున ఆమె అడిగినది ఒక బిడ్డనని ఏలీకి తెలిసినది, పాలు విడిచిన సమూయేలును చేతపట్టుకొని ఆమె తిరిగి షిలోహునకు వచ్చి తానే చెప్పినప్పుడు.