తీర్థం ఎవరిది?

తీర్థయాత్ర చేస్తే మనిషి పునీతుడవుతాడని పెద్దలంటారు. మంచిదే. కాని ఆ తీర్థంలోనే అన్యాయం తిష్ట వేస్తే దాన్ని ఎవరు కడగాలి?

యాత్ర ఉన్నచోట జనం చేరతారు. జనంతో కానుకలు, కానుకలతో అధికారం వస్తాయి. అందుకే పాలకులు యాత్రికుల మీద పన్ను వేశారు. అక్బరు 1563లో దాన్ని రద్దు చేశాడు. మూడవ గురువు అమర్‌దాస్ జీ గోయింద్వాల్‌లో 84 మెట్ల దిగుడుబావి తవ్వించారు. ఆయన దర్శనానికి వచ్చినవారు ఎంతటివారైనా ముందుగా లంగరులో అందరితో కలిసి కూర్చుని భోజనం చేయాలి. పంక్తిభేదం మానుకోవడమే ఆ యాత్రకు తొలి మెట్టు.

అంతటి వారసత్వం ఉన్నచోట కూడా కులం మళ్లీ తలెత్తింది. కాలక్రమంలో అనేక గురుద్వారాలు మహంతుల సొంత ఆస్తుల్లా మారాయి. 1920 అక్టోబరు 12న, తక్కువ కులాలుగా చూడబడుతున్నవారు కొందరు అమృతం స్వీకరించి, కడాహ్ ప్రసాదంతో అమృత్‌సర్ దర్బార్ సాహిబ్‌కు వెళ్లారు. పూజారులు వారి ప్రసాదాన్ని ముట్టలేదు. వాదన జరిగింది. చివరికి గురు గ్రంథ్ సాహిబ్ తెరిచి వాక్కు తీసుకున్నారు. అది విన్నాక ప్రసాదం స్వీకరించక తప్పలేదు.

మరుసటి నెలలోనే గురుద్వారాల నిర్వహణకు శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఏర్పడింది. 1921 ఫిబ్రవరి 20న నన్‌కానా సాహిబ్‌లో మహంతు మనుషుల చేతుల్లో ఎందరో యాత్రికులు అమరులయ్యారు. 1925 చట్టం పంజాబు గురుద్వారాలను సంగత్ ఎన్నుకున్న ప్రతినిధులకు అప్పగించింది. స్త్రీలకూ ఓటు దక్కింది.

"భక్తుడికి రాజకీయమెందుకు?" అని కొందరంటారు. ఆనాడు ప్రసాదం పట్టుకుని నిలబడినవారు గద్దె కోరలేదు. గురువు ఇచ్చిన సమానత్వాన్ని గురువు ఇంట్లోనే అడిగారు. అది భక్తికి బయటిది కాదు. అయితే ఎన్నికలు మహంతును దింపగలవు గాని మనసులోని మహంతును దింపలేవు. ఆ పని ఎవరికి వారే చేసుకోవాలి.

నాందేడ్ హజూర్ సాహిబ్‌కు వెళ్లే తెలుగు యాత్రికులారా! అక్కడి లంగరులో పక్కన కూర్చున్నవారి కులం మీరు అడగరు. తిరిగి వచ్చాక మీ ఊరి టీ కొట్టులో రెండు రకాల గ్లాసులు కనిపిస్తే ఊరుకుంటారా? ఊరుకుంటే మీ యాత్ర ఇంకా పూర్తి కాలేదు.