విష్టి లేని ముహూర్తము

కొన్ని సంవత్సరముల క్రితము రాజమహేంద్రవరములోని అద్దెయిల్లు విడిచి హైదరాబాదులోని మా కుమారుని యింటికి చేరవలసివచ్చినపుడు, అలవాటు చొప్పున పంచాంగము విప్పితిని. తిథి వార నక్షత్రములు కుదిరినవి గాని, ఉదయమున కరణము విష్టి. తిథిలో సగము కరణమనియు, చాంద్రమాసమున ఎనిమిది మారులు వచ్చు విష్టి శుభకార్యములకు పనికిరాదనియు పాఠకులెరిగినదే. కావున సామానులెక్కించుటను మధ్యాహ్నమునకు జరిపితిని.

సామానులు తరలించు సంస్థవారు మొదట 28,000 రూపాయలడిగిరి. మరి రెండు సంస్థల ధరలు చూపి, బ్రతిమాలి, బెదిరించి 19,000కు దింపితిని. నా గడుసుదనమునకు నేనే మురిసితిని కూడ.

మధ్యాహ్నము నలుగురు హమాలీలు, వారిపై ఒక మేస్త్రీ వచ్చిరి. వారిలో చిన్నవానికి పందొమ్మిదేండ్లుండవచ్చును. ఒడిషాలోని బలంగీరు ప్రాంతమువాడట. నా పుస్తకముల ఇనుప పెట్టెను భుజముపై నెత్తుకొని మూడంతస్తులు దిగినవాడు వాడే. మా యింటావిడ మజ్జిగ యిచ్చినపుడు వాడు గ్లాసు నందుకొనక ముందు మేస్త్రీ ముఖము చూచెను. నీ జీతమెంత నాయనా అని నేనడిగినపుడును మేస్త్రీ ముఖమే చూచెను.

"వాడికి ఇప్పుడు జీతం లేదండీ పంతులుగారూ! వాళ్ల నాన్న తీసుకొన్న అడ్వాన్సు తీరాలి. తీరేదాకా వాడెక్కడికీ పోడు. ఆధార్ కార్డు నా దగ్గరే ఉంది" అని మేస్త్రీ నవ్వుచు చెప్పెను. దాచవలసిన మాటయని అతనికి తోచనే లేదు. నేను ఆ పిల్లవాని చేతిలో నూరు రూపాయలుంచి, కాగితముపై సంతకము చేసి, రైలెక్కితిని.

సంస్కృతమున విష్టి యను శబ్దమునకు పంచాంగములోని అర్థమొక్కటియే కాదు. కూలి యీయక బలవంతముగా చేయించుకొను పనియు విష్టియే. మన 'వెట్టి' దానినుండి వచ్చినదే. నలుబదియేండ్లు ఆ శబ్దమునకు అర్థము చెప్పినవాడను. ఆకాశములోని విష్టిని తప్పించుటకు సగము దినము ఆగితిని. నా పెట్టె క్రిందనున్న విష్టిని చూచియు నూరు రూపాయలతో తప్పించుకొంటిని.

"ఇందులో మీ దోషమేమి? మీరు సంస్థకు సొమ్మిచ్చితిరి, సంస్థ కంట్రాక్టరుకిచ్చెను, కంట్రాక్టరు మేస్త్రీకిచ్చెను" అని మిత్రులొకరనిరి. నాకును మొదట అట్లే తోచినది. కాని మనువు మాంసప్రకరణమున హింసాదోషమును కత్తి పట్టినవానితో ఆపలేదు. అనుమతించినవాడు, కొనినవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తినినవాడు మొదలుగా ఎనమండుగురినీ ఒకే వరుసలో నిలిపెను. చేతులు మారినకొలది పాపము పలుచబడునను వాదమునకు అచ్చట చోటు లేదు. హరిశ్చంద్ర నాటకము చూచి కన్నీరు కార్చుదుము. చంద్రమతిని కొనిన కాలకౌశికుడు కూడ అడిగిన వెల యిచ్చియే కొనినవాడని ఎవరు తలంతురు?

ఇచ్చట ఒక నిజము దాచరాదు. మన ధర్మశాస్త్రములు దాస్యమును ఎరుగనివి కావు. మనువు ఏడు విధముల దాసులను, నారదుడు పదునైదు విధములవారిని లెక్కించిరి. అప్పు తీర్చి విడిపించుటచే దాసుడైనవాడు నారదుని పట్టికలో నున్నాడు. దీనిని సమర్థించుటకు నేను పూనుకొనను. కాని దాసుని విడిచిపెట్టు విధిని కూడ ఆయనయే చెప్పెను. యజమాని సంతోషముతో దాసుని భుజముపైనున్న నీటికుండను తీసి పగులగొట్టవలెను. తలపై అక్షతలు, పూలు చల్లి, "నీవు దాసుడవు కావు" అని ముమ్మారు పలికి, తూర్పుముఖముగా పంపవలెను. విముక్తికి మొదటి పని భుజముమీది బరువును యజమానియే తన చేతులతో దింపుట! ఈ విధిని ఎన్నిమారులో పాఠము చెప్పితిని గాని, ఆ బరువును గూర్చి ఎన్నడును ఆలోచింపలేదు.

నేటి చట్టము ఇంతకంటె స్పష్టముగనే యున్నది. రాజ్యాంగములోని 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976 నాటి చట్టము వెట్టికి కట్టుబడినవాని అప్పునే రద్దుచేసినది. అనగా ఆ మేస్త్రీ చెప్పిన అడ్వాన్సు చట్టము దృష్టిలో అప్పే కాదు. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణములలోని కూలీల విషయమై 1982లో సుప్రీంకోర్టు మరియొక మెట్టు పైకేగి, కనీసవేతనము కన్న తక్కువకు చేయించుకొను పనియు నిర్బంధశ్రమయే యనినది. గొలుసు లేకున్నను ఆకలియే నిర్బంధమని దాని భావము. ఈ తీర్పును గూర్చి చదివిన దినమున నేను తగ్గించిన 9,000 రూపాయలు జ్ఞాపకమునకు వచ్చినవి. ఆ సొమ్ము ఎవని కూలినుండి తగ్గినది? లారీ డీజిలు నుండి తగ్గదు గదా!

బ్రిటనులో 2015 నాటి చట్టము ప్రకారము, 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకు మించిన వార్షికవ్యాపారము గల సంస్థలు తమ పనిలోను, తమకు సరకులు, మనుష్యులను సమకూర్చువారి పనిలోను దాస్యము లేకుండుటకు ఏమి చేసినదియు ఏటేట ప్రకటింపవలెను. ఏమియు చేయలేదని ప్రకటించినను చట్టము నెరవేరినట్లే యగుట విచిత్రము. ఏదియెట్లున్నను, అడుగవలసిన ప్రశ్న అదియే. సామానులు మోయు సంస్థ తన చొక్కా తొడిగినవానిని మాత్రము లెక్కించిన చాలదు. కంట్రాక్టరు క్రింది మేస్త్రీని, లారీ క్లీనరును, చెక్కపెట్టెలు చేయువానిని, గిడ్డంగికి ఇటుక కాల్చినవానిని కూడ లెక్కింపవలెను. ఆ బలంగీరు ప్రాంతమునుండియే వానలు వెనుకబట్టిన పిదప కుటుంబములకు కుటుంబములు అడ్వాన్సు తీసికొని తెలంగాణలోని ఇటుకబట్టీలకు వచ్చుచుండును.

చేయవలసినది గొప్ప తపస్సు కాదు. కూలి మేస్త్రీ చేతికి గాక పనివాని చేతికే చేరవలెను. వాని కార్డు వానియొద్దనే యుండవలెను. పని కుదిర్చినందుకు దళారీ కట్నమును పనివాని కూలిలో కోయరాదు. ఎవరైన సంస్థ పక్షమున మేస్త్రీ లేనిచోట, వాని భాషలో, నీవు రేపు పోదలచిన పోగలవా అని అడుగవలెను. ఈ చివరి ప్రశ్నకు వచ్చు జవాబు తక్కిన కాగితములన్నిటికంటె విలువైనది. కంట్రాక్టరు కూలి యెగవేసినచో ప్రధాన యజమానియే చెల్లింపవలెనను విధి మన దేశమున నున్నది గాన, అడుగుట సంస్థకును మేలే.

గృహస్థునికి ఇంత శక్తి లేదందురు. మొన్న మా పేటలోని పాఠశాల గ్రంథములను క్రొత్త భవనమునకు మార్చుటకు ముహూర్తమడిగిరి. విష్టి లేని వేళ వ్రాసియిచ్చి, దాని క్రింద మరియొక వాక్యము చేర్చితిని: మోసినవారికి కూలి మన యెదుట, వారి చేతికే యీయవలెను. సంస్థవారు గొణిగిరి. ధర 3,000 పెరిగినది. పెద్దలు కొందరు నావంక అదోవిధముగా చూచిరి గాని, ఇచ్చిరి. ఆరుగురు హమాలీలు వరుసగా వచ్చి, లెక్కపెట్టుకొని, జేబులో వేసికొనిరి. వారిలో ఒకడు రెండుమారులు లెక్కపెట్టెను. దీనికి అరగంట పట్టినది. అయినను వర్జ్యము ప్రవేశింపకముందే చివరి పెట్టె లోపలికి చేరినది.