అభయము: గుణమా, దానమా?

'అభయ'మను పదమునకు రెండర్థములు కలవు. భయము లేకుండుట యొకటి. భయపడినవానికి ధైర్యమిచ్చుట మరియొకటి. భగవద్గీత 16వ అధ్యాయమున దైవీసంపదలో మొట్టమొదట పేర్కొనబడిన అభయము మొదటి అర్థము కలది. తెలుగున 'అభయమిచ్చుట', హిందీలో 'అభయదాన్' అనునవి రెండవదానిని తెల్పును. అనువాదము చేయునపుడు ఈ రెంటి నడుమ నేను పలుమారులు సందేహపడితిని. కౌమారదశలోని పిల్లల విషయమున ఈ సందేహము మాటలతో ముగియదు, అది ధర్మసందేహమగును. పిరికివాడైన బాలుని నిందింపవలెనా, అభయమియ్యని పెద్దలనా?

గాంధీజీ తన ఆత్మకథలో ఒక సంగతి దాచక చెప్పెను. 13 ఏండ్ల వయసున ఆయనకు వివాహమయ్యెను. ఆ దినములలో ఆయనకు దొంగలన్నను, దయ్యములన్నను, పాములన్నను భయము. గదిలో దీపము లేనిదే నిద్రపట్టదు. భార్య తనకంటె ధైర్యవంతురాలని యెరిగి, సిగ్గుచే ఆమెతో చెప్పుకొనలేకపోయెను. ఈ బలహీనత యెరిగిన స్నేహితుడొకడు మాంసము తిన్నచో ధైర్యము కలుగునని నమ్మబలికెను. భయముకంటె, దానిని దాచుకొనవలసిన సిగ్గే ఆ బాలుని అట్టి బోధకు లోబరచినదని నాకు తోచును.

మెదడులో అమిగ్డలా యను భాగము భయమును శీఘ్రముగా నేర్చుకొనును. దానిని శాంతింపజేయుటకు తోడ్పడు ప్రీఫ్రంటల్ వల్కలము నుదుటి వెనుక నున్నది. అది పూర్తిగా పరిపక్వమగుసరికి ఇంచుమించు 25 ఏండ్లు పట్టును. 2012లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఆపద తొలగిన పిదప భయమును విడుచుట చిన్నపిల్లలకంటెను పెద్దలకంటెను కౌమారులకు కష్టమని తేలెను. అదియును గాక, భయమును విడుచుట యనగా పాత జ్ఞాపకమును చెరిపివేయుట కాదు. దానిపై క్రొత్త పాఠమును నేర్చుట. పాత భయము మరల తలయెత్తవచ్చును. కావున ఆ పాఠమును క్షేమమైన చోట, కొంచెము కొంచెముగా, పలుమారులు నేర్వవలసియుండును.

చీకటిగదిలోనికి త్రోసి తలుపు మూయు తండ్రి ధైర్యము నేర్పుటలేదు. భయమునకు మరియొక సాక్ష్యము నిచ్చుచున్నాడు. అట్లని దీపము నెన్నడును ఆర్పనీయని తల్లియు నేర్పుటలేదు. చేయి పట్టుకొని చీకటిలోనికి తీసికొనిపోయి, మెల్లగా చేయి విడుచువారే నేర్పుదురు.

మెదడు పరిపక్వము కాలేదను మాటతో బాలుని బాధ్యత తీరిపోవునా? తీరదు. అది మారుచున్న దశ గనుకనే అభ్యాసమునకు అంత విలువ. అడుగు వేయవలసినవాడు బాలుడే. కాని వేయలేకపోయిన అడుగునకు అవమానము శిక్ష కారాదు.

అంతకుముందు బాల్యమున, రంభ యను ఇంటి దాసి గాంధీజీకి భయమునకు మందుగా రామనామము నుపదేశించెను. ఆ మందుకంటె ఆమెయందే తనకెక్కువ విశ్వాసముండెనని ఆయన చెప్పెను. అభయము గుణమై నిలుచుటకు ముందు ఎవరో యొకరు దానిని దానముగా ఇచ్చియుండవలెను. మన యింటి పిల్లలకు ఆ యిచ్చువారము మనమైతిమా యని ముందుగా అడుగుకొనుట న్యాయము.