చావు తప్పిన గెలుపు

ధ్యాన భాగములు: యెహోషువ 7, 8 అధ్యాయములు, లూకా సువార్త 13:6–9



చావు తప్పి కన్ను లొట్టపోయినదని మన పెద్దలు చెప్పుదురు. అట్టి గెలుపు ఒకదానిని గూర్చి ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాను. అది యుద్ధములోని గెలుపు కాదు, ఆటలోనిది. అమెరికా దేశపు కళాశాల విద్యార్థులు ఆడు ఫుట్‌బాలులో 2013వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీ శనివారమునాడు జరిగినది. సంఘ పత్రికలో ఆటల సంగతి యేల అని కొందరు పెద్దలు కనుబొమలు ముడువవచ్చును. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు పరుగు పందెము మాట ఎత్తుటకు సిగ్గుపడలేదు గనుక నన్నును క్షమింతురని తలంచుచున్నాను.

ముందుగా ఆ ఆటను గూర్చి రెండు మాటలు. వారు ఫుట్‌బాలు అని పిలుచునది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. ఆ బంతి రెండు కొనలు గలిగి కోలగా నుండును. దానిని చంకనిడుకొని పరుగెత్తుదురు, లేక ఒకరికొకరు విసరుకొందురు. ఒక్కొక్క ప్రక్క 11 మంది. నాలుగు ప్రయత్నములలో 10 గజములైనను ముందుకు సాగవలెను. సాగనియెడల బంతి ఎదుటివారి వశమగును. అవతలి గీత దాటించినచో 6 పాయింట్లు, ఆ మీద సరిగా తన్నినచో మరి 1. ఇంతమాత్రము తెలిసిన చాలును.

మిషిగన్ విశ్వవిద్యాలయము 1817లో స్థాపింపబడినది. ఆన్ ఆర్బర్ పట్టణములోని దాని క్రీడాస్థలము 1927లో కట్టబడినది. అందులో లక్షమందికి పైగా కూర్చుందురు. అక్కడివారు దానిని ‘పెద్ద ఇల్లు’ అని పిలుతురు. నేను చెప్పబోవు ఆటకు సరిగా ఒక వారము ముందు, 7వ తేదీ రాత్రి, ఆ పెద్ద ఇంటిలోనే మిషిగన్ జట్టు నోటర్ డేమ్ అను పేరుమోసిన జట్టును 41–30తో ఓడించెను. ఆ రాత్రి చూడవచ్చినవారు 1,15,109 మంది. మన జిల్లా కేంద్రములు కొన్నిటిలో అంత జనము లేదు. అంతటి జనము ఎదుట గెలిచిన కుర్రవాండ్ర గుండెలు ఎట్లు ఉప్పొంగియుండునో మీరే ఊహించుకొనుడి.

తరువాతి శనివారము వచ్చినవారు ఏక్రన్ విశ్వవిద్యాలయపు జట్టువారు. ఏక్రన్ ఒహాయో రాష్ట్రములోని పట్టణము. మోటారు టైర్లకు ఒకప్పుడు పెట్టినది పేరు. ఆ జట్టును జిప్స్ అందురు. ఆ పేరు ఆ ఊరి రబ్బరు కార్ఖానాలో 1920ల కాలమున తయారైన, బురదలో నడుచునప్పుడు బూట్ల మీద తొడుగుకొను రబ్బరు తొడుగుల పేరునుండి వచ్చినది. పులి యనియు గ్రద్ద యనియు పేర్లు పెట్టుకొను జట్ల నడుమ బురద తొడుగుల పేరు గల జట్టు! ఆ పేరు నాకు ఇష్టమైనదని ఒప్పుకొనుచున్నాను. వారు 2010లో 12 ఆటలాడి ఒకటే గెలిచిరి. 2011లోను ఒకటే. 2012లోను ఒకటే. పందెములు కాయువారు మిషిగన్ 30 పాయింట్లకు పైగా తేడాతో గెలుచునని లెక్క వేసిరి. జూదగాండ్ర లెక్కలు మనకు ప్రమాణము కావు గాని, లోకము ఆ రెండు జట్లను ఎట్లు తూచెనో తెలియుటకు ఆ మాట చెప్పితిని.

ఆట మొదలైనది. లోకము తూచినట్లు జరుగలేదు. మిషిగన్ జట్టులో బంతి విసరు యువకుడు మూడు మారులు ఎదుటివారి చేతులలోనికే విసిరెను. ఏక్రన్‌వారు ఒక్కొక్క గజమే సంపాదించుచు వచ్చిరి. ఆట ముగియుటకు నాలుగు నిమిషములున్నదనగా ఏక్రన్ 24, మిషిగన్ 21. ఇంక మూడు నిమిషములు కూడ లేవనగా మిషిగన్ వారు ఎట్టకేలకు గీత దాటి 28 చేసిరి. అంతటితో తీరలేదు. ఏక్రన్‌వారు మరల బంతిని మోసికొనుచు మిషిగన్ గీతకు కొద్ది గజముల దూరమువరకు వచ్చిరి. గడియారములో క్షణములు మాత్రమే మిగిలినవి. చివరి బంతి గాలిలోనికి లేచెను. ఎవరి చేతను చిక్కక నేల పడెను. సమయము అయిపోయెను. 28–24.

పుస్తకములో అది గెలుపుగానే వ్రాయబడినది. నోటర్ డేమ్ మీది గెలుపు ఎట్లో ఇదియు అట్లే, ఒకటికి ఒకటి. దేవుడు మిషిగన్ పక్షమున నుండెననియు ఏక్రన్‌ను విడిచెననియు నేను చెప్పబోను. ఆటలలో ఆయన పక్షమేదని వెదకుట పిల్లతనము. అయితే మనుష్యుని హృదయము ఆటలోను గుడిలోను ఒక్కటే గనుక, ఆ హృదయమును గూర్చి వాక్యము ఏమి చెప్పునో చూతము.

యెరికో గోడలు కూలిన తరువాత ఇశ్రాయేలీయుల యెదుటికి వచ్చినది హాయి అను చిన్న పురము. వేగులవారు పోయి చూచి వచ్చి, జనులందరు శ్రమపడనక్కరలేదు, అక్కడివారు కొద్దిమందే, రెండు మూడు వేలమంది చాలుదురని యెహోషువతో చెప్పిరి. సుమారు 3,000 మంది పోయిరి, పారిపోయి వచ్చిరి. 36 మంది చచ్చిరి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చిన్నదని తృణీకరించుటచేతనే హాయి యెదుట ఓడిపోయిరని మనము తరచుగా బోధింతుము. నేనును బోధించితిని. వాక్యము చెప్పు కారణము వేరు. ఆకాను శపితమైన సొత్తులోనుండి ఒక మంచి పైవస్త్రమును, వెండిని, బంగారు కమ్మిని తీసికొని తన డేరా క్రింద పాతిపెట్టెను. ఆ సొత్తు ఎక్కడిది? యెరికోది. గొప్ప గెలుపునాడు ఎవరును చూడకుండ దాచుకొనినది చిన్న పోరాటమునాడు బయటపడెను. వేగులవారి అతిశయమును ఆ గెలుపులోనుండి తెచ్చుకొనినదే. ఒకడు బంగారము దాచెను, తక్కినవారు గర్వము దాచిరి. రెండును యెరికో దోపుడే.

ఓడిపోయిన తరువాత యెహోషువ యేమి చేసెను? బట్టలు చింపుకొని, పెద్దలతో కూడ తలమీద ధూళి పోసికొని, మందసము ఎదుట సాయంకాలమువరకు నేలమీద సాగిలపడెను. లోపల దాగినది వెదకబడెను. ఎనిమిదవ అధ్యాయములో అదే హాయి మీదికి మరల పోవునప్పుడు యుద్ధసన్నద్ధులనందరిని తోడుకొని పొమ్మని దేవుడే చెప్పెను. ఈసారి కొద్దిమంది చాలుదురను మాట ఎవరి నోటను లేదు.

అయ్యా, నా భయము ఇది. హాయి యెదుట ఆ 3,000 మంది ఎట్లో ఈడ్చుకొని గెలిచి వచ్చియుండినచో ఏమగును? 36 ఇండ్లలో ఏడ్పు ఉండదు. యెహోషువ బట్టలు చింపుకొనడు. ఆ సాయంకాలము అందరును భోజనమునకు కూర్చుందురు. ఆకాను డేరా క్రింద బంగారము అట్లే ఉండును.

ఈ మాటకు మిషిగన్ వారి చరిత్రలోనే సాక్ష్యమున్నది. 2007వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన అదే పెద్ద ఇంటికి నార్త్ కరొలైనా కొండలనుండి అపలాచియన్ స్టేట్ అను, తక్కువ తరగతిలో ఆడు జట్టు వచ్చెను. అప్పుడు మిషిగన్ దేశమంతటిలో 5వ స్థానమున నుండెను. 34–32తో ఓడిపోయెను. దేశమంతయు నవ్వెను. తరువాతి వారము ఆరిగన్ చేతిలో 39–7తో మరల ఓడెను. అటుతరువాత వరుసగా ఎనిమిది ఆటలు గెలిచెను. 2008 జనవరి 1న బలమైన ఫ్లారిడా జట్టును 41–35తో ఓడించి ఆ యేటి ఆటలను 9 గెలుపులు, 4 ఓటములతో ముగించెను.

2013లోనో? ఏక్రన్ మీద గెలిచినారు గదా. ఎవరును నేలమీద సాగిలపడ నక్కరలేకపోయెను. మరుసటి శనివారము కనెక్టికట్ అను జట్టుమీదికి పోయిరి. ఆ యేడు కనెక్టికట్ మొదటి తొమ్మిది ఆటలును ఓడిపోయినది. అట్టి జట్టు యెదుట మిషిగన్ 21–7తో వెనుకబడి, తుదకు 24–21తో బయటపడెను. మరల చావు తప్పినది. కన్ను మరల లొట్టపోయినది. మొదటి ఐదు ఆటలును గెలిచినవారు తరువాతి ఎనిమిదింటిలో రెండే గెలిచి, 7 గెలుపులు, 6 ఓటములతో ముగించిరి. దీనినుండి సూత్రము కట్టరాదు. ఆటలలో గాయములు, వయస్సు, అదృష్టము అనేకము కలియును. అయినను ఓడి లేచిన యేటిని, గెలిచి కూలిన యేటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడెల్ల నా మనస్సు కలత చెందుచున్నది.

ఎందుకనగా నేనును ఆ దారిని నడచినవాడను. నేను పల్లెలో సేవ చేయు దినములలో ఒక వృద్ధ సహోదరునికి జబ్బు చేసెనని కబురు వచ్చెను. రేపు పోదునని ఒక దినము, ఎండ తగ్గనిమ్మని మరియొక పూట గడిపితిని. మూడవనాడు పోవునప్పటికి ఊపిరి మిగిలియుండెను. ప్రార్థన చేసితిని, ఆయన కన్నులు తెరచి నా చేయి పట్టుకొనెను. ఆ రాత్రియే ప్రభువునొద్దకు పోయెను. ఆయన భార్య నాతో, “అయ్యగారూ, మీరు సరిగా వేళకు వచ్చితిరి” అనెను. నేను ఆ మాటను మెడలో దండవలె వేసికొని ఇంటికి వచ్చితిని. నిజము నాకు తెలిసియుండెను. అయినను వేళకు వచ్చినవాడననియే నిదురపోతిని. కొన్ని నెలల తరువాత మరియొక ఇంటినుండి కబురు వచ్చెను. అప్పుడును రేపు పోదుననుకొంటిని. నేను పోవునప్పటికి వాకిట మనుష్యులు చేరియుండిరి. ఆ ఇంటి తల్లి నన్ను ఒక్క మాటైనను అనలేదు. అనియుండిన బాగుండెడిది.

నా మొదటి రాకను గెలుపని వ్రాసికొనకుండినచో ఆ రెండవ ఇంటికి వేళకు పోయియుందునేమో.

ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానము మీకు తెలిసినదే. యజమానుడు మూడేండ్లు వచ్చి ఫలము వెదకెను, దొరకలేదు. నరికివేయుమనెను. తోటమాలి అడ్డుపడి, ఈ యేడు కూడ ఉండనిమ్మని, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని బ్రతిమాలెను. నరకుటకు వచ్చిన గొడ్డలి ఆ దినమున ఆగినది. చెట్టుకు అదియు ఒక గెలుపే! కాని చెట్టుయొక్క మంచితనమువలన కలిగినది కాదు. ఒకడు నడుమ నిలిచినందువలన కలిగినది. గడువు దొరికిన తరువాత మొదట జరుగవలసినది వేళ్లచుట్టు త్రవ్వుట. వేరు కదలినప్పుడు చెట్టుకు సుఖముగా ఉండదు.

ఇది వ్రాయుచుండగా ఒక సంగతి తట్టినది. నేను మిషిగన్‌నే ఆ చెట్టుగా తలంచుచు వచ్చితిని. మూడేండ్లు ఫలము లేక నిలిచినది ఏక్రన్ గదా! యేటికి ఒక్క గెలుపు చొప్పున మూడేండ్లు. టెర్రీ బౌడెన్ అను ఆయన 2012లో వారికి శిక్షకుడై వచ్చి, ఆ మొదటి యేడు తానును ఒక్క గెలుపే చూచెను. అయినను వారు త్రవ్వుట మానలేదు. పెద్ద ఇంటిలో చివరి బంతి నేల పడిన ఆ యేడు వారు ఐదు ఆటలు గెలిచిరి. ఐదు గొప్ప లెక్క కాదు, ఏడు ఓడిరి. కాని గీతకు కొద్ది గజముల దూరమున ఓడినవారు ఆ సాయంకాలము తమ ఆటను గూర్చి గెలిచినవారికంటె ఎక్కువ తెలిసికొని బస్సెక్కిరని నేను తలంచుచున్నాను.

ఆ అంజూరపు చెట్టు మరుసటి యేడు కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు. కథ అక్కడ నిలిచిపోయినది, మాలి చేతిలో పార ఉండగానే.

ఈ వారము నా చీటిలో ముగ్గురు రోగుల పేర్లున్నవి. మొదటి ఇల్లు చెరువు కట్టకు ఆవల నున్నది. ఎండ ఇంకను తగ్గలేదు. కలము క్రింద పెట్టి బయలుదేరుచున్నాను.