జీతం పెరిగింది... మరి ఇల్లు?



*ఈ వారం వాక్యభాగం: ద్వితీయోపదేశకాండము 24:5, 14, 15*

మన సహవాసాల్లో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు ఎక్కువగా వినేది ఉద్యోగాల గురించే. "ప్రభువు నాకు కొత్త కంపెనీలో పని ఇచ్చాడు, జీతం రెట్టింపైంది" అని ఒక తమ్ముడు చెప్తే అందరం "స్తోత్రం" అంటాం. అనాలి కూడా. ఊళ్లో వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడానికి ఎడారి దేశం వచ్చినవాడికి జీతం పెరగడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని మనం సాధారణంగా అడగం. జీతం పెరగడమే దేవుని ఆశీర్వాదానికి రుజువా? అదే రుజువైతే, అదే వారం కంపెనీ మూతపడి రూములో దిగులుగా కూర్చున్న సహోదరుణ్ణి దేవుడు విడిచిపెట్టాడని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట అనే ధైర్యం మనలో ఎవరికీ లేదు. కాబట్టి జీతం ఒక్కటే కొలత కాదు. మరి కొత్త ఉద్యోగం మన ఇంటికి దీవెనో కాదో దేనితో కొలవాలి?

*ఒక ఇంటిని ఊహించుకుందాం*

షార్జాలో ఒక యువ జంట ఉన్నారనుకోండి. అతను హెల్పర్‌గా వచ్చాడు. తర్వాత ఎలక్ట్రీషియన్ అయ్యాడు. డ్యూటీ అయ్యాక క్యాంపులో రాత్రిళ్లు చదువుకుని, కోర్సు పాసై సేఫ్టీ ఆఫీసర్ అయ్యాడు. ఎమిరేట్స్‌లో భార్యాబిడ్డల్ని తన వీసా మీద తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి. కొత్త ఉద్యోగంతో ఆ గీత దాటాడు. భార్య, రెండేళ్ల పాప వచ్చారు. షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గది తీసుకున్నారు. కొన్ని నెలలకు ఆమెకూ ఒక క్లినిక్‌లో పని దొరికింది. ఇంతవరకూ అంతా స్తోత్రమే.

ఇప్పుడు వాళ్ల రోజు చూడండి. అతను తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి దుబాయ్ బస్సు ఎక్కుతాడు. పాప నిద్రలో ఉంటుంది. సాయంత్రం ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిది. అన్నం ముందు కూర్చున్నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. రేపటి పర్మిట్, సైట్ ఫొటోలు, మేనేజర్ మెసేజ్‌లు. ఆమెది స్ప్లిట్ డ్యూటీ, ఉదయం 9 నుంచి 1, మళ్లీ సాయంత్రం 5 నుంచి 9. పాప పక్క ఫ్లాట్ ఆంటీ దగ్గర. అతను క్యాంపులో, ఆమె ఊళ్లో ఉన్న రోజుల్లో ప్రతి రాత్రి వీడియో కాల్‌లో కుటుంబ ప్రార్థన జరిగేది. అందరూ ఒకే గదిలోకి వచ్చాక ఆ ప్రార్థన ఆగిపోయింది.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న మాట ఏమిటంటే, పాపను భీమవరంలో అమ్మమ్మ దగ్గరికి పంపేద్దామా? ఇద్దరూ నిశ్చింతగా పని చేసుకోవచ్చు, నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చు. ఏ జీతం ఈ కుటుంబాన్ని కలిపిందో, ఆ జీతం కోసమే మళ్లీ విడిపోవాలన్న ఆలోచన వచ్చింది. ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ముగ్గురినీ ప్రేమించేవాళ్లే ఆలోచిస్తున్నారు. అందుకే ఇది కష్టమైన ప్రశ్న.

*మొదటి కొలత: ఇంటికి మనం దొరుకుతున్నామా?*

ద్వితీయోపదేశకాండము 24:5లో దేవుడు ఒక ఆశ్చర్యమైన ఆజ్ఞ ఇచ్చాడు. కొత్తగా పెళ్లయినవాణ్ణి సైన్యంలోకి పిలవకూడదు, అతని మీద వేరే ఏ భారమూ పెట్టకూడదు. ఒక సంవత్సరం ఇంటిపట్టున ఉండి భార్యను సంతోషపెట్టాలి. ఇక్కడ దేవుడు ఇంటి సంతోషాన్ని తీరిక దొరికితే చూసుకునే విషయంగా చెప్పలేదు. ఆ సంవత్సరానికి అదే అతని పని అని నియమించాడు. సైన్యం కూడా ఆ పని అయ్యేదాకా ఆగాలి.

మనం ఉన్న చోటు వేరు. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న తల్లికి ప్రసూతి సెలవు 60 రోజులు. అందులో 45 రోజులు పూర్తి జీతంతో, 15 రోజులు సగం జీతంతో. తండ్రికి బిడ్డను చూసుకోవడానికి ఇచ్చేది 5 పనిదినాలు. మూడో నెల బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలనే ప్రశ్న ఎందుకు వస్తుందో ఈ అంకెలే చెప్తాయి. "పసిబిడ్డను వదిలేసి ఎలా వెళ్లింది" అని ఊళ్లో అనేవాళ్లకు ఈ లెక్క తెలియదు.

"ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటే వీసా ఎవరిస్తారు?" అని మీరు అడగవచ్చు. నిజమే. ఇశ్రాయేలీయుడికి పొలం ఉంది, చుట్టూ తన గోత్రం ఉంది. మన వీసా కంపెనీ చేతిలో ఉంది. ఆ ఆజ్ఞను అక్షరాలా ఇక్కడ పాటించలేం. కానీ దానిలోని వరస మాత్రం పాటించవచ్చు. ముందు ఇంటికి ఏం కావాలో చూసి, తర్వాత పనిని దానికి సర్దాలి. మనం చేసేది తలకిందులు. పనికి అంతా ఇచ్చేసి, మిగిలింది ఇంటికి ఇస్తున్నాం.

"స్వకీయులను పోషించనివాడి సంగతి 1 తిమోతి 5:8లో లేదా?" అని ఇంకొకరు అంటారు. ఉంది. ఆ వాక్యాన్ని గుండెలో పెట్టుకునే మనలో చాలామంది విమానం ఎక్కాం. అయితే ఆ అధ్యాయం మొత్తం చదవండి. పౌలు అక్కడ మాట్లాడుతున్నది విధవరాళ్ల గురించి. పిల్లలూ మనవలూ ముందు తమ ఇంట్లోనే భక్తి చూపడం నేర్చుకోవాలని 4వ వచనంలో చెప్తాడు. అంటే ముసలితల్లి పక్కన నిలబడేది ఎవరు అన్నదే అక్కడి ప్రశ్న. డబ్బు పంపడం పోషణే. కానీ పోషణ అంటే డబ్బు పంపడం ఒక్కటే కాదు.

యాకోబును గుర్తు చేసుకోండి. లాబాను దగ్గర 20 ఏళ్లు పనిచేశాడు. పగలు ఎండ, రాత్రి మంచు. మామ అతని జీతం పదిసార్లు మార్చాడు (ఆదికాండము 31). గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్లు అయ్యాక యాకోబు ఒక మాట అడిగాడు. నీ మంద పెరిగింది సరే, నా సొంత ఇంటి సంగతి నేనెప్పుడు చూసుకోవాలి అని (30:30). ఈ ప్రశ్న అడగడానికి మనం పద్నాలుగేళ్లు ఆగనక్కర్లేదు.

*పంపాలా, ఉంచుకోవాలా?*

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. బిడ్డను ఊరికి పంపిన దంపతులను తీర్పు తీర్చే హక్కు మనకు లేదు. హన్నా కూడా పాలు విడిచిన సమూయేలును షిలోహులో విడిచి తన ఊరికి వెళ్లింది. ఆమె కారణం వేరు, ఆమె మొక్కుకుని దేవునికి ఇచ్చింది. కానీ దూరంగా ఉండి ఆమె ఏం చేసిందో చూడండి. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది (1 సమూయేలు 2:19). ఎదిగే పిల్లాడికి అంగీ కుట్టాలంటే వాడు ఎంత పొడుగయ్యాడో తెలియాలి. ఆమె ఆ కొలతను మనసులో పెట్టుకుని సంవత్సరమంతా బతికింది.

క్యాంపుల్లో, ఇళ్లల్లో ఒంటరిగా పనిచేస్తున్న అన్నలకూ అక్కలకూ ఇదే నా మాట. కుటుంబాన్ని తెచ్చుకునే దారి మీకు లేకపోవచ్చు. దానికి మీరు నేరస్థుల్లా తల దించుకోనక్కర్లేదు. కానీ మీ బిడ్డ కొలత మీకు తెలుసా? చెప్పుల సైజు, భయపడే సబ్జెక్టు, కొత్త స్నేహితుడి పేరు? ఫోన్‌లో "మార్కులెన్ని, డబ్బు అందిందా" అని మాత్రమే అడిగితే మనం అంగీ గుడ్డ పంపుతున్నాం, అంగీ కాదు.

షార్జా జంట లాంటివాళ్లు నిర్ణయానికి ముందు కలిసి కూర్చుని కొన్ని విషయాలు తేల్చుకోవాలి. పంపేది ఎందుకోసం? అప్పు కోసమా, వైద్యం కోసమా, ఊళ్లో ఇంటి మీద రెండో అంతస్తు కోసమా? ఎప్పటిదాకా? "కొన్నాళ్లు" అనేది తేదీ కాదు, నెలా సంవత్సరం రాసుకోవాలి. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా? భార్య మౌనంగా ఉంటే అది ఒప్పుకున్నట్టు కాదు. వీటన్నిటికంటే ముందు, బిడ్డను కదిలించకుండా పనిని కదిలించే దారి ఉందా? కొంచెం తక్కువ జీతానికి స్ప్లిట్ లేని డ్యూటీ దొరుకుతుందా? రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఫోన్ అల్మారాలో ఉంటే నిజంగా ఉద్యోగం పోతుందా?

*రెండో కొలత: మన కింద ఉన్నవాడి కూలి*

అదే అధ్యాయంలో కొంచెం కిందికి రండి. 14, 15 వచనాలు. దరిద్రుడైన కూలివాణ్ణి, అతను నీవాడైనా పరదేశి అయినా, బాధపెట్టకూడదు. పొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలి. అతని ఆశంతా దాని మీదే ఉంటుంది. అతను దేవునికి మొరపెడితే ఆ పాపం నీ మీదికి వస్తుంది. ఇంతకాలం ఈ మాటలు మనల్ని ఓదార్చాయి, ఎందుకంటే ఆ పరదేశి మనమే. కానీ ప్రమోషన్ వచ్చిన రోజు మనం నిలబడే చోటు మారిపోతుంది.

ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 దాకా ఎండలో పని చేయించకూడదు. "షట్టరింగ్ ఈ రోజే అయిపోవాలి, చూసీ చూడనట్టు ఉండు" అని పైవాడు అంటే సేఫ్టీ ఆఫీసర్ ఏం చేయాలి? ఓటీకి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని చట్టం చెప్తుంది. పది గంటలు చేసినవాడికి టైమ్‌షీట్‌లో ఎనిమిది రాయమంటే ఫోర్‌మన్ ఏం చేయాలి?

"నా పిల్లల కోసమే నోరు మూసుకున్నాను" అంటాం. ఆ హెల్పర్‌కీ పిల్లలున్నారు. మనం కొట్టేసిన రెండు గంటలు వాళ్ల ఇంటి బియ్యం. అలా నిలబెట్టుకున్న ఉద్యోగం నుంచి వచ్చిన జీతం మన వంటింట్లోకి, మన కుటుంబ ప్రార్థనలోకి కూడా వస్తుంది. నా ఇంటి సంతోషాన్నీ, అతని ఇంటి కూలినీ దేవుడు ఒకే అధ్యాయంలో పెట్టాడు. ఒకటి పట్టుకుని ఇంకొకటి విడిచిపెట్టలేం.

ఇది తేలిక అని నేను అనను. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసాతో పాటు భార్యాబిడ్డల వీసా కూడా. సరైన పని చేస్తే దేవుడు వెంటనే ఇంతకంటే పెద్ద ఉద్యోగం ఇస్తాడని వాక్యం మాట ఇవ్వలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా దేవుడు రక్షించకపోయినా మొక్కం అన్నారు (దానియేలు 3:18). అందుకే ఈ విషయం భర్త ఒక్కడే మోయకూడదు. ఇంట్లో చెప్పండి. ఇద్దరూ కలిసి ప్రార్థించి, ఎంతవరకు నష్టపోవడానికి సిద్ధమో ముందే మాట్లాడుకోండి. భర్త నిజాయితీకి వెల కట్టేది భార్య కూడా. ఆమెకు తెలియకుండా ఆ వెల చెల్లించకూడదు.

*అకుల, ప్రిస్కిల్ల*

వృత్తిలో ఎదగడం పాపం కాదు. దానికి సాక్షులు అకుల, ప్రిస్కిల్ల. క్లౌదియ చక్రవర్తి యూదులందరినీ రోమా విడిచి పొమ్మంటే కొరింథుకు వచ్చిన వలస దంపతులు వాళ్లు. డేరాలు కుట్టేవారు. అదే వృత్తి చేసే పౌలు వాళ్ల ఇంట్లోనే ఉండి పనిచేశాడు (అపొస్తలుల కార్యములు 18:1-3). తర్వాత ఎఫెసుకు వెళ్లారు, మళ్లీ రోమాకు వెళ్లారు. వాళ్ల ఇంట్లో సంఘం కూడుకునేది. బైబిల్లో వాళ్ల ప్రస్తావన ఆరుసార్లు వస్తుంది. ఆరుసార్లూ ఇద్దరి పేర్లూ కలిసే ఉంటాయి. ఊళ్లు మారాయి, పని వాళ్లతోనే కదిలింది, జంట మాత్రం విడిపోలేదు.

కాబట్టి ఈ వారం మన సహవాసంలో ఎవరైనా కొత్త ఉద్యోగం గురించి సాక్ష్యం చెప్తే స్తోత్రం చెప్పండి. మీటింగ్ అయ్యాక టీ తాగుతూ మెల్లగా అడగండి: "తమ్ముడూ, ఇంటికి ఎన్నింటికి చేరుతున్నావ్? నీ కింద ఎంతమంది ఉన్నారు? వాళ్లకు ఓటీ సరిగ్గా అందుతోందా?" జీతం ఎంత అని అడగడం కంటే ఇది ఎక్కువ ప్రేమ.

*ప్రార్థన:* పరలోకమందున్న మా తండ్రీ, పరదేశంలో మాకు పని ఇచ్చినందుకు స్తోత్రం. మా చేతుల కష్టం మా ఇంటిని నిలబెట్టాలి గాని ఖాళీ చేయకూడదు ప్రభువా. దూరంలో ఉన్న మా పిల్లల ఎదుగుదలను తెలుసుకునే మనసు ఇవ్వండి. మా కింద పనిచేసేవాడి కూలి విషయంలో మా చెయ్యి శుభ్రంగా ఉంచండి. పని లేక రూముల్లో ఎదురుచూస్తున్న మా సహోదరులను జ్ఞాపకం చేసుకోండి. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.

_ఈ మధ్యనే కొత్త పనిలో చేరిన ఒక తమ్ముడికో చెల్లికో ఈ ధ్యానం పంపండి. పంపి, వాళ్ల కోసం పేరు పెట్టి ప్రార్థించండి._