పతకమా? బిడ్డ మొరయా?

అమెరికాలోని మా మనుమరాలు జిమ్నాస్టిక్స్‌లో దిట్ట. అచ్చట పదవ స్థాయి కెదిగిన బాలికలలో కొందరికి కళాశాలలు విద్యార్థివేతన మొసగును. కావున పతకములు మెండుగా గెలిచిన శిక్షణాలయమును నా కుమారు డెంచదలచినాడు.

పతకములు నేర్పును తెలుపును. బిడ్డ మొర నాలకించువారు అచ్చట కలరో లేరో తెలుపవు. 2018లో మిషిగన్ న్యాయస్థానమున 150 మందికి పైగా బాధితులు, జట్టువైద్యుడు చికిత్స మిషతో జరిపిన లైంగిక దౌర్జన్యమును వెల్లడించిరి. 1997లోనే చెప్పినవారు కలరు, పెద్దలు నమ్మరైరి.

ఆ పెద్దలను నిందింప నే నెవడను? హోసూరులో చదువునాడు, మాస్టారు కొట్టెనని యేడ్చిన యీ కుమారునే, మార్కుల యాశతో గదిమి మరల పంపితిని.

వానికిట్లు వ్రాసితిని: "నాయనా, అభ్యాసమును తల్లిదండ్రులకు చూడనిచ్చు తావును, నొప్పి యనగానే ఆపు గురువును ఎంచుము. కళాశాల నాలుగేండ్లు, దేహము యావజ్జీవము."